ముళ్ళవంగ మీద టమాటా

ఎల్లారావు ఇరవై ఏడేళ్ళు ఆటోనగర్‌లో వెల్డింగ్ చేశాడు. లారీ బాడీలు, గేట్లు, నీళ్ళ ట్యాంకుల స్టాండ్లు, ఏది వచ్చినా అతుకు కనపడకుండా అతుకుతాడని షెడ్డులో పేరు. యాభై రెండో ఏట కళ్ళు మొరాయించాయి. ఆపరేషన్ చేసిన డాక్టరు, ఇకమీదట ఆ మంట వైపు చూడొద్దని గట్టిగా చెప్పి పంపాడు.

అలా అతనూ, భార్య కామేశ్వరీ సీతమ్మధారలో ఒక అయిదంతస్తుల అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్ కాపురానికి వచ్చారు. సెల్లారులో మెట్ల పక్కన ఒక గది. ఆమె రెండు ఫ్లాట్లలో వంట చేస్తుంది. అతనికి గేటు, మోటారు, చెత్త. పనికి తక్కువ లేదు గాని, అతని చేతులు కోరుకునే పని అది కాదు.

“మీ అయ్య గజపతినగరంలో టమాటా ఏసీవోడు కాదేటి? డాబా అంతా కాళీగా ఉంది. మేడమ్‌ని అడుగు,” అంది కామేశ్వరి.

మేడమ్ అంటే జ్యోతిర్మయి. బ్యాంకులో ఉద్యోగం, అపార్ట్‌మెంట్ సంఘానికి కార్యదర్శి, కాపురం సరిగ్గా డాబా కింది ఫ్లాట్లో. “వేసుకో ఎల్లారావ్. కానీ స్లాబు మీద నీళ్ళు నిలవకూడదు. మా గదిలోకి చెమ్మ దిగిందంటే అన్నీ తీయించేస్తాను,” అంది.

అతను పాత షెడ్డుకు వెళ్ళి తుక్కులో ఇనప యాంగిల్ ముక్కలు ఏరాడు. కొలతలు తాను చెబుతూ, పాత స్నేహితుల చేత మోకాలెత్తు స్టాండు కట్టించాడు. దాని మీద ఖాళీ పెయింటు బకెట్లు పెట్టి, ఉగాది వెళ్ళిన వారానికి నారు నాటాడు.

మొక్కలు ఏపుగా లేచాయి. నిండా పూత వచ్చింది. ఆ పూత కాడతో సహా రాలిపోయింది. బలం చాలలేదనుకుని యూరియా వేశాడు. ఆకులు ఇంకా పెరిగాయి, కాయ మాత్రం ఒక్కటీ నిలవలేదు. గేటు దగ్గర చేపలు కోసే నూకాలుకు ఆ గోడు వినిపించాడు. ఆమెది పెదజాలారిపేట, రోజు విడిచి రోజు గంపతో వస్తుంది.

“రేత్రి కూడా ఉడికిపోతంటే మనకే కూడు దిగట్లేదు. పువ్వుకి పిందె ఎలాగ దిగుద్దన్నా?” అంది నూకాలు, కత్తి ఆపకుండానే. “ముందు దాని నెత్తి మీద నీడెయ్యి.”

పచ్చ వల కట్టాక, నైరుతి వానలకు చల్లబడ్డాక, జూన్ చివర ఓ గుప్పెడు కాయలు వచ్చాయి. చారుకు సరిపోయాయి. నూకాలు చెప్పిందని చేపలు కడిగిన నీళ్ళు కూడా పోశాడు. వీధిలో పిల్లులన్నీ డాబా ఎక్కేసరికి ఆ ముచ్చట అక్కడితో ఆపాడు.

జూలైలో మళ్ళీ ఇరవై మొక్కలు నాటాడు. ఈసారి దెబ్బ వేరే విధంగా తగిలింది. ఒక మధ్యాహ్నం ఒక మొక్క తల వాల్చింది. సాయంత్రానికి తేరుకుంది. మూడో రోజుకు, ఆకు పసుపు రంగైనా తిరగకుండా, పచ్చగానే చచ్చిపోయింది. రెండు వారాల్లో ఇరవైకి ఇరవై పోయాయి. ఆ పూట అతను అన్నం ముందు కూర్చుని తినకుండానే లేచాడు.

మర్నాడు చచ్చిన మొక్కనొకదాన్ని సంచిలో వేసుకుని సింహాచలం దారిలో ఉన్న దాలయ్య నర్సరీకి వెళ్ళాడు. దాలయ్య మామిడి అంట్లు కట్టడంలో పండిపోయిన మనిషి. కాండం అడ్డంగా కోసి, గాజుగ్లాసు నీళ్ళలో వేలాడదీశాడు. కాసేపటికి కోసిన చోటు నుంచి తెల్లటి దారం లాంటిది పాలచారలా కిందికి జారింది.

“సూసినావా బావ? ఇది మట్టిలోంచి ఎక్కిన తెగులు. దీనికి మందు లేదు. కొత్త మట్టేసినా మళ్ళీ వొచ్చీగలదు.”

“అయితే ఒగ్గీమంటావేటి?”

“ఒగ్గీడమెందుకు? రైలు పట్టాల పక్కన ముళ్ళవంగ ఉంటాది సూడు, దాని వేళ్ళని ఏ తెగులూ ఏటీ సెయ్యలేదు. నీళ్ళల్లో మునిగినా బతుకుద్ది. దాని వేరు మీద టమాటా తల అంటు కట్టు. రెండూ ఒకటే జాతి, అతుక్కుంటాయి.”

వేరు ఒకదానిది, తల ఇంకొకదానిది. ఎల్లారావుకు వెంటనే అర్థమైంది. దాలయ్య రెండు ట్రేల ముళ్ళవంగ నారు ఇచ్చి, బ్లేడుతో ఏటవాలుగా కోయడం, రెండు కోతలూ సందు లేకుండా కలపడం, చిన్న ప్లాస్టిక్ క్లిప్పు పెట్టడం చూపించాడు.

టమాటా నారు కూడా పోసి, అది ముళ్ళవంగంత లావుకు ఎదిగేదాకా ఆగి, ఎల్లారావు డాబా మీదే కూర్చుని పన్నెండు కట్టాడు. కళ్ళు మసకైనా వేలి కొసకు కోత తెలుస్తోంది. పని ముగించి లేచేటప్పటికి ఒంట్లో పాత హుషారు తిరిగి వచ్చినట్టనిపించింది. సాయంత్రానికి పన్నెండూ వడలిపోయాయి.

ఫోనులో దాలయ్య పకపకా నవ్వాడు. “కొత్త అంటు అంటే బాలింత బావ! ఎండా గాలీ తగలనిత్తారేటి?”

రెండోసారి ఇరవై కట్టాడు. అన్నింటినీ మంచం కింద పెట్టి, తడిగుడ్డ పరిచి, పైన ప్లాస్టిక్ టబ్బులు బోర్లించాడు. వారం రోజులు ఆ ఇంట్లో ఫ్యాను తిరగలేదు. “నా పురిటికైనా ఇంత సెయ్యలేదు నువ్వు,” అని కామేశ్వరి విసనకర్రతో విసురుకుంటూ సణిగింది. సణుగుతూనే పూటపూటా గుడ్డ తడిపింది. ఎనిమిదో రోజు టబ్బులెత్తితే పద్నాలుగు మొక్కలు తలలెత్తి ఉన్నాయి.

సెప్టెంబరులో ఆ పద్నాలుగూ బకెట్లలోకి వెళ్ళాయి. తేడా తెలియాలని పక్కనే అంటు కట్టని ఆరు మొక్కలు కూడా పెట్టాడు.

అక్టోబరులో అల్పపీడనం పట్టి మూడు రోజులు వాన వదల్లేదు. మూడో రోజు పొద్దున్న జ్యోతిర్మయి తన గది పైకప్పు మీద తడి మరక చూసి, గొడుగు పట్టుకుని కోపంగా డాబా ఎక్కింది. అక్కడ మడమల్లోతు నీళ్ళు. ఎల్లారావు బోర్లా పడుకుని, నీళ్ళు పోయే గొట్టంలోకి భుజం దాకా చెయ్యి దూర్చి ఉన్నాడు. పక్కన గుప్పిళ్ళ కొద్దీ కుళ్ళిన వేపాకు.

“నావి కాదమ్మా, పక్కింటి సెట్టువి. ఒక్క నిమిషం, వొచ్చీసింది,” అన్నాడు.

గొట్టం గుటగుటమంది. నీళ్ళు సుడి తిరిగి దిగిపోయాయి. స్టాండు మీద బకెట్లు ఎత్తున నిలబడి ఉన్నాయి, కింద స్లాబు శుభ్రంగా కడిగినట్టుంది. అతను లేచేదాకా జ్యోతిర్మయి గొడుగు అతని మీద పట్టి, “ముందు వెళ్ళి తల తుడుచుకో, జలుబు చేస్తుంది,” అంది.

వాన వెలిసిన పది రోజుల్లో అంటు లేని ఆరూ పచ్చగానే వాలిపోయాయి. అంటు కట్టినవి ఆకు కూడా వంచలేదు. డిసెంబరు చల్లదనానికి పూసిన ప్రతి పువ్వూ పిందెపడి, గుత్తులు గుత్తులుగా కాసింది. కర్రలు చాలక పాత కేబుల్ తీగ కట్టాడు. ప్రతి ఫ్లాటు గుమ్మంలో ఓ గిన్నెడు పళ్ళు పెట్టాడు. నూకాలు చెంగులో నింపుకుపోయి, మర్నాడు గిన్నెతో వంజరం చేప పులుసు తెచ్చింది. “తిని సూడొదినా, పులుపంతా మీ ఆయనదే,” అంది కామేశ్వరితో.

సంగతి తెలిసి దాలయ్య స్వయంగా వచ్చి, అంటు కట్టిన చోటును వేలితో తడిమాడు. “నాకు కూడా అతుకు కనపడలేదు బావ. ఆదివారాలు నా నర్సరీకి రా. రైతులు ఈ నారు అడుగుతన్నారు, నాకు సెయ్యి ఒణుకుతంది.”

ఇప్పుడు ఆదివారం పొద్దున్నే ఎల్లారావు టిఫిను కట్టించుకుని సింహాచలం బస్సెక్కుతాడు. ఈ ఎండాకాలం మాత్రం టమాటా నాటలేదు. బకెట్లలో మట్టి మార్చి గోంగూర చల్లాడు.

“ఈ యేడు మానేసినావేటి?” అని కామేశ్వరి అడిగితే, “దాని రోజులు కావివి. మొదటి వాన పడనీ,” అన్నాడు తీరుబడిగా. ఆమె సరేనని, కూరకు సరిపడా లేత గోంగూర తుంచుకుని కిందికి దిగింది.