పసుపు కింద అమ్మ పేరు

ఆదోనిలో నేను పనిచేసిన ప్రింటింగ్ షాపులో కంప్యూటర్ గదికి కిటికీ లేదు. షాపు వెనక ప్లైవుడ్ అడ్డం పెట్టి గది అన్నారు. కుర్చీ వెనక్కి జరిపితే గోడ, ముందుకు జరిపితే టేబుల్. మా నాన్న ఎమ్మిగనూరులో బతికినన్నాళ్లూ మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. ఆ గుంతలో దిగకూడదనే నన్ను చదివించారు. దిగలేదు, నిజమే. ఈ పెట్టెలో కూర్చున్నాను.

పెళ్లికార్డులకు పేజీ కట్టడం నా పని. వచ్చినవాళ్లంతా "వినాయకుడు వెనకాల లైట్‌గా రావాల మేడం" అనేవాళ్లు. ఆ లైట్‌నే మేం ట్రాన్స్‌పరెన్సీ అంటాం. బొమ్మను పలచన చేసి అక్షరాల కింద పరుస్తాం. తెర మీద ఎంత ముద్దుగా ఉన్నా, అచ్చు ప్లేటు చేయడానికి పంపేముందు పొరలన్నీ కలిపి ఒకటి చేయాలి. ప్లేట్లు చేసే చోట ఉన్నది పాత మిషన్. దానికి పలచన అంటే తెలియదు, విడి పొర కనిపిస్తే నిండు రంగులో దించేస్తుంది. ఇంకో సంగతి, ఇంకు గోడకు కొట్టే సున్నం కాదు. ముదురు అక్షరం మీద పసుపు పరిస్తే అక్షరం దాగదు, ఇంకా ముదురుతుంది. ఇది చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టేది.

అట్లాంటి నాకు నా పెళ్లికార్డు నేనే కట్టుకునే రోజు వచ్చింది. నాన్న పోయాక మా ఇంట్లో మాట పెదనాన్నది. హాలహర్వి సంబంధం ఆయనే చూశాడు. పెళ్లయ్యాక ఉద్యోగం ఎందుకని ఆయనే తేల్చేశాడు. కాదంటే "నీ పెంపకం ఇదా" అని అమ్మను అంటారు, ఔనంటే నా బతుకు వాళ్ల చేతిలో. అడకత్తెరలో పోకచెక్కలా తల ఊపాను. ఒక్కటి మాత్రం గట్టిగా కావాలనిపించింది. కార్డు మీద 'ఆహ్వానించువారు' అన్నచోట అమ్మ పేరు ఉండాలి. మగ్గానికి నూలు కండెలు చుట్టి నన్ను పెంచిన మనిషి ఆమె.

పెదనాన్న నమూనా చూసి కళ్లజోడు తీశాడు. "మొగుడు లేని ఆడమనిషి శుభకార్యానికి పిలుస్తాదా? యాడన్నా ఉందా? తీసెయ్ పాపా."

అమ్మ కూడా అదే పాట. "పెదనాయన సెప్పినట్ల సెయ్. నా పేరుతో ఏం పని?"

నాకు ఒళ్లు మండింది. తీయలేదు. అమ్మ పేరును కార్డు అడుగున ఉన్న బంగారు రంగు తామరపువ్వు మధ్యకు జరిపి, ఉందని తెలిసిన కంటికి తప్ప కనపడనంత పలచన చేశాను. ఫోన్‌లో పంపితే పెదనాన్న "బాగుంది" అన్నాడు. ఎంత సంబరపడ్డానో. పొరలు కలపడం పొద్దున చేద్దామనుకున్నాను.

పొద్దున్నే పెళ్లిబట్టలకని పెద్దమ్మ నన్ను బయలుదేరదీసింది. నాకు పని ఉందంటే వినేదెవరు? ముహూర్తం దగ్గరపడుతోందని మా ఓనరు ఉన్న ఫైలు ఉన్నట్టే ప్లేటుకు పంపేశాడు.

కార్డుల కట్ట ఇంటికొచ్చింది. పెదనాన్న విప్పి ఒకటి తీశాడు. తామరపువ్వు నడిమధ్యన ముదురు మెరూన్‌లో అమ్మ పేరు, ఆయన పేరంత స్పష్టంగా ఉంది. "ఇదేమి?" అన్నాడు నన్ను చూసి. మిషన్ తప్పన్నాను. అబద్ధమేం కాదు. లోపల మాత్రం నాకు గంతులేయాలనిపించింది.

మళ్లీ అచ్చేయించే వ్యవధి లేదు. కోడుమూరు, పెద్దకడుబూరు చుట్టాలకు మరుసటి రోజు నుంచే పంచాలి. పెదనాన్న కాసేపు గడ్డం గోక్కున్నాడు. "ఎట్లాగూ పసుపు పూస్తాం గదా. మూలలకు ఒద్దు, ఈ పేరు మీద గట్టిగా పూయండి."

పెద్దమ్మ గిన్నెలో పసుపు కలిపి బొటనవేలితో పేరు మీద రుద్దడం మొదలుపెట్టింది. మా ఇళ్లలో మొగుడు పోయిన మనిషి ఆ పసుపు ముట్టకూడదు కాబట్టి అమ్మ గోడవార కూర్చుంది. పూసిన కార్డులు ఆరడానికి వరుసగా పరచడం నా పని. ఆరేకొద్దీ పసుపులోంచి అక్షరాలు మునుపటికన్నా నల్లగా తేలుతున్నాయి. షాపులో ఊరందరికీ చెప్పిన సంగతి, ఇక్కడ నోరు విప్పలేదు.

అమ్మకు చదువు తన పేరు వరకే వచ్చు. ఆ కార్డులో ఆమె చదవగలిగింది అదొక్కటే. లేచి వచ్చి, ఒక కార్డు మీదికి వంగి, పెదాలు కదిలిస్తూ అక్షరం అక్షరం చదువుకుంది. ఒక్క క్షణం మొహం విప్పారింది, నేను చూశాను. తర్వాత పెదనాన్న వైపు చూసి, చెయ్యి తగలకుండా కొంగు అడ్డం పెట్టుకుని గిన్నెను పెద్దమ్మ దగ్గరికి జరిపింది.

"ఇంగా కనపడతాంది అక్కా," అంది. "ఇంగొంచెం పూయి."