బుల్‌పెన్‌లో పెద్దరికం

మా జట్టుకు నేను మేనేజర్‌నయ్యానంటే అందులో నా గొప్పతనమేమీ లేదు. మగవాళ్ళలో ఒకరి మాట ఒకరు వినరు, అంతే. మేం వలస వచ్చి స్థిరపడ్డ పెండిల్ హిల్ చుట్టుపక్కల ఉన్న తెలుగు చర్చి కుటుంబాలు, కొందరు హైదరాబాదు కుర్రాళ్ళు కలిసి క్రికెట్ జట్టు పెడదామని బయల్దేరారు. క్రికెట్ మైదానం దొరకలేదు, బేస్‌బాల్ మైదానం దొరికింది. ఆటేమిటో ఎవరికీ తెలియదు గానీ అభిప్రాయాలు మాత్రం అందరికీ ఉన్నాయి. రూల్సు పుస్తకం చదివింది నేనొక్కదాన్నే. పైగా నర్సుని కదా, మొండి మగ పేషెంట్లతో వేగడం అలవాటేనని ఆ పదవి నాకు అంటగట్టారు.

ఈ ఆటలో బంతి విసిరేవాణ్ణి పిచ్చర్ అంటారు. వాడు అలిసిపోతే మేనేజర్ మైదానం మధ్యకు నడిచివెళ్ళి, బంతి తీసుకుని, ఇంకొకరి చేతికివ్వాలి. అలా వంతుకోసం కాచుక్కూర్చునేవాళ్ళ చోటు బుల్‌పెన్. మా బుల్‌పెన్ అంటే కంచె పక్కన నాలుగు మడత కుర్చీలు, కూల్‌డ్రింకులకు ఐసు వేసిన ఒక చల్లపెట్టె. అనుభవం ఉన్నవాళ్ళు ఇద్దరు, వయసులో ఉన్నవాళ్ళు ఇద్దరు ఉండాలని నా లెక్క. కాగితం మీద బ్రహ్మాండంగానే ఉంది.

పెద్దవాళ్ళలో మొదటివారు చర్చి పెద్ద, మా అందరికీ అంకుల్. ఒకప్పుడు ఒంగోలులో క్రికెట్ ఇరగదీశానని ఆయనే చెప్పేవారు, సాక్షులెవరూ లేరు. చిన్నవాళ్ళలో అందరికంటే బాగా విసిరేది ఆయన కూతురే. యూనివర్సిటీలో చదివేది. మనం తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిచ్చే పిల్ల, కానీ చెయ్యి మాత్రం పిడుగు. ఇంకో చిన్నవాడు హైదరాబాదు కుర్రాడు.

రెండో పెద్దమనిషి మా ఆయన. గుంటూరులో పళ్ళ డాక్టరు. ఆ డిగ్రీ ఇక్కడ చెల్లదు, మళ్ళీ పరీక్షలు పాసవ్వాలి. రాత పరీక్ష గట్టెక్కారు. పన్ను బాగుచేసి చూపించే ప్రాక్టికల్ ఒకసారి పోయింది. ఈలోగా బిస్కెట్ ఫ్యాక్టరీలో డబ్బాలు సర్దే పని. కాలేజీలో ఫాస్ట్ బౌలింగ్ వేసి పాడుచేసుకున్న భుజం ఆయనది. ఒక్క పూట విసిరితే చాలు, వారందాకా ఆ కుడిచేతిలో కాఫీ కప్పు సాసర్ మీద టకటకలాడేది. అందుకే బుల్‌పెన్‌లో ఆయన కుర్చీ మర్యాద కుర్చీ. ప్రాక్టికల్ అయ్యేదాకా బంతి ముట్టుకోనని నాకు మాటిచ్చారు.

మొదట్లో మా తంతు చూడాలి! ఎవరు ముందు వెళ్ళాలన్నది వయసును బట్టి తేలేది. "పిల్లల తర్వాత నన్ను పిలుస్తావా అమ్మాయ్? పెళ్ళి భోజనాల్లో చివరి పంక్తిలో కూర్చోబెట్టినట్టు?" అని అంకుల్ నొచ్చుకునేవారు. సరే పొమ్మంటే, ఒకసారి వెళ్ళిన మనిషి దిగరు. పెద్దవాళ్ళ చేతిలోంచి బంతి లాక్కోవడం మనింటావంటా లేదు, ఆయనే ఇవ్వాలి. ఆయన ఇవ్వరు. అవతలివాళ్ళు కొడుతూనే ఉండేవారు, ఆయన ఆకాశంకేసి చూస్తూనే ఉండేవారు. కూతురు కంచె పక్కన గోళ్ళు కొరుక్కునేది.

చివరికి ఒక బార్బెక్యూలో ఉపాయం తట్టింది. "అంకుల్, సభలో ముఖ్య అతిథి ఎప్పుడు మాట్లాడతారు? ఆఖర్నే కదా?" అన్నాను. ఆయన చేతిలో చికెన్ ముక్క అలాగే ఆగిపోయింది. ఆ మర్నాటినుంచి ఆయనే ఆఖర్న వస్తానన్నారు. అప్పటికి పిల్లలు ఆటను ఒడ్డున పడేసి ఉంచేవారు కాబట్టి ముఖ్య అతిథి ఏం చేసినా చెల్లిపోయేది. గెలవడం మొదలుపెట్టాం. ఘనతంతా ముఖ్య అతిథిదే అనుకోండి.

ఫైనల్ శనివారం పడింది. మా ఆయన ప్రాక్టికల్ ఆ వచ్చే బుధవారం.

హైదరాబాదు కుర్రాడు బాగా నెట్టుకొచ్చాడు. ఆ అమ్మాయిని అవసరానికని దాచుకున్నాను. ఒక్క పరుగు ఆధిక్యంతో చివరి ఇన్నింగ్స్. అంకుల్ ప్రార్థన చేసుకుని వెళ్ళారు. కాసేపట్లోనే పరుగు మజిలీలైన మూడు బేసులూ అవతలివాళ్ళతో నిండిపోయాయి, ఒక్క మంచి దెబ్బ తగిలితే ఓటమే. నేను మధ్యకు నడిచాను.

"అంకుల్, ఇక చాలు. అమ్మాయిని పిలుస్తాను."

"చిన్నపిల్ల, దానికేం తెలుసు? నా తర్వాత పెద్దవాళ్ళే రావాలి," అని కంచెవైపు తిరిగి గొంతెత్తారు. "డాక్టర్ గారూ! రండి, మీరే దిక్కు!"

కంచె చుట్టూ ఉన్న మనవాళ్ళందరూ అందుకున్నారు. "డాక్టర్ గారూ! డాక్టర్ గారూ!"

ఈ దేశంలో అడుగుపెట్టాక ఆయన్ను ఎవరైనా అలా పిలవడం అదే మొదలు. ఫ్యాక్టరీలో 'మేట్', బ్యాంకులో 'సర్'. ఆయన కుర్చీలోంచి లేచారు. భుజం ఒకసారి తిప్పారు. ఆ మొహంలో వెలుగొచ్చింది. నాకిచ్చిన మాట చల్లపెట్టెలో పెట్టి మూతేసి వచ్చేస్తున్నారు.

"హూ ఈజ్ ఇట్, లవ్?" అన్నాడు అంపైర్, వాచీ చూసుకుంటూ.

అంకుల్ గుప్పిట్లోంచి బంతి లాగేశాను. నిజంగానే, వేళ్ళు విడదీసి మరీ. "హర్," అని అమ్మాయిని చూపించాను.

"ఏమే, నీకు పిచ్చా?" అన్నారు మా ఆయన, సగం దారిలో నిలబడి.

"వెళ్ళి కూర్చోండి. బుధవారం విసురుదురు గాని," అన్నాను.

ఆ పిల్ల ఇద్దర్ని తిప్పి పంపింది. మూడోవాడు కొట్టాడు. ఓడిపోయాం.

ఇంక చూడండి నా వైభోగం. ఆదివారం చర్చిలో నా పక్క కుర్చీ ఖాళీ. ఆడపెత్తనం అయితే ఇంతేనని నాకు వినబడేంత మెల్లగా అనుకున్నారు. కూర డబ్బా ఇస్తే మర్యాదగా వెనక్కి పంపారు. ఆ పిల్ల ఒక్కతే వచ్చి "థాంక్స్, ఆంటీ," అని చెయ్యి నొక్కి వెళ్ళింది. ఇంట్లో మా ఆయన బుధవారందాకా గోడలతోనే మాట్లాడారు.

ప్రాక్టికల్ పాసయ్యారు.

తర్వాత చిన్న క్లినిక్ పెట్టుకున్నాం. అప్పుడప్పుడు నేనే పక్కన నిలబడి సాయం చేసేదాన్ని. ఒకరోజు దవడ వాచిపోయి అంకుల్ వచ్చారు. అరిగిపోయిన దంతం, వేరు వంకర. మా ఆయన కుడిచెయ్యి ఆయన నోట్లో ఎంతో నెమ్మదిగా కదిలింది, ఒక్కసారి కూడా వణకలేదు. నేను ఆ చేతినే చూస్తూ నిలబడ్డాను. గర్వంగా ఉంది, ఎందుకు దాచుకోవాలి?

అంతా అయ్యాక అంకుల్ దూది పెట్టిన నోటితోనే, నావైపు చూడకుండా అన్నారు. "ఆ రోజు ఫైనల్లో మిమ్మల్ని మైదానంలోకి దింపి ఉంటే గెలిచేవాళ్ళం, డాక్టర్ గారూ."

మా ఆయన ఆ చేతులు కడుక్కుని, నేనందించిన తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకుంటూ, "నిజమే అంకుల్, గెలిచేవాళ్ళం," అన్నారు.