వీరరాఘవులు గారి గొంతు, నేను కలిపిన ఎకో

గుంటూరులోని మా రికార్డింగ్ సంస్థ చీరాలలో చిన్న స్టూడియో తెరిచి, ఒక జనవరి మొదటి వారంలో నన్ను సీనియర్ సౌండ్ ఇంజనీరుగా అక్కడికి పంపింది. నా రిటైర్మెంటుకు ఇంకా నాలుగేళ్లుంది. అక్కడ నాకు పై అధికారి లేడు. రికార్డింగు, ఎడిటింగు, చివరి మిక్సింగు అన్నీ నా సంతకం మీదే బయటికి వెళ్లేవి. పని ఎక్కువగా చీరల షాపుల, మిరప విత్తనాల షాపుల ప్రకటనలే. ఆటోల మీద మైకుల్లో తిరిగేవి. ఎకో లేకపోతే షాపువాళ్లు ఒప్పుకునేవారు కాదు.

ఎకో పుట్టించే సాధనాన్ని డిలే అంటాం. అన్న మాటను అది కాసేపు పట్టి ఉంచి, కొంచెం తగ్గించి మళ్లీ వినిపిస్తుంది. ఎంత ఆలస్యంగా, ఎన్నిసార్లు అనేది ఇంజనీరు చేతిలో ఉంటుంది. పద్ధతి ప్రకారం గొంతును ఉన్నదున్నట్టు రికార్డు చేయాలి. దాన్ని డ్రై ట్రాక్ అంటారు. ఎకో తర్వాత విడిగా కలుపుతారు. ప్రకటనల తొందరలో నేను మైకుకూ కంప్యూటరుకూ మధ్యనే డిలే తగిలించేసేవాణ్ని. అలా చేస్తే రెండూ ఒకే ట్రాకులో కలిసిపోతాయి.

ఆ నెలాఖరులో వీరరాఘవులు గారు భార్య కోటమ్మ గారితో వచ్చారు. ఆయన మగ్గం నేసేవారు, చుట్టుపక్కల ఊళ్ల నాటకాల్లో పద్యాలు పాడేవారు. గొంతులో క్యాన్సర్. నాలుగు రోజుల్లో గుంటూరులో ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేస్తారు. ఆ తర్వాత మాట ఉండదు.

"ఉండగానే పట్టి పెట్టండయ్యా," అన్నారు కోటమ్మ గారు.

మొదటి పద్యం సగంలోనే ఆయన ఆపేశారు. హెడ్‌ఫోన్లలో తన బొంగురు గొంతు తనకే వినిపించి తల దించుకున్నారు. నేను డిలే ఆన్ చేశాను. గొంతు పగిలిన చోట్లను ఎకో కప్పేసింది. ఆయన నిటారుగా కూర్చుని మళ్లీ అందుకున్నారు. ఆ ఎకోను హెడ్‌ఫోన్లకు మాత్రమే పంపి, ట్రాకును డ్రైగా ఉంచాల్సింది. రెండో పద్యం అయ్యేసరికి ఎకో కూడా రికార్డవుతోందని గమనించాను. ఆపి కేబుల్ మార్చడానికి ఐదు నిమిషాలు చాలు. ఆయన ఊపు పోతుందని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి, వినడానికి బాగుందని వదిలేశాను.

పద్యాలయ్యాక, ఇంట్లో మాట్లాడినట్టు ఒక మాట చెప్పమని కోటమ్మ గారు అడిగారు. ఆయన సిగ్గుపడుతూనే, "ఏమే కోటీ, అన్నం పెట్టు, ఆకలేస్తుంది," అన్నారు. ఇద్దరూ నవ్వారు. అదీ ఎకోతోనే రికార్డయింది.

నెల తర్వాత మళ్లీ వచ్చారు. ఆయన మెడకు గుడ్డ చుట్టి ఉంది.

"పద్యాలు బాగున్నాయండీ," అన్నారు కోటమ్మ గారు. "ఆ చివరి మాటకు ఈ మోత తీసేసి ఇవ్వండి. బావిలోంచి పిలుస్తున్నట్టుంది."

తీయడం కుదరదని చెప్పాను.

"పెట్టింది మీరేగా?" అన్నారావిడ.

రెండు రోజులు కంప్యూటర్ ముందు కూర్చుని నాకు తెలిసినవన్నీ ప్రయత్నించాను. ఎకో తగ్గిన చోటల్లా మాట కూడా తెగిపోయింది. 'కోటీ' అన్న పిలుపులో చివరి అక్షరం మిగల్లేదు. వాళ్లింటికి వెళ్లి, తప్పు నాదేనని ఒప్పుకున్నాను. వీరరాఘవులు గారు కాగితం మీద రాసి నా ముందు పెట్టారు: "డ్రామాకి బాగుంది. ఇంట్లో నేనెప్పుడూ ఇట్లా పిలవలేదు."

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, విత్తనాల ప్రకటనకైనా సరే, డ్రై ట్రాక్ లేకుండా రికార్డు బటన్ నొక్కలేదు. ఎకో ఎప్పుడైనా కలపొచ్చు, కలిపాక విడదీయలేం. ఇది శిక్షణలో మొదటి వారమే నాకు చెప్పారు. తెలిసే వదిలేశాను. పద్ధతి మార్చుకున్నాను గాని, అప్పటికి మళ్లీ రికార్డు చేయడానికి ఆయనకు గొంతు లేదు.