మాష్టారు పట్టించిన నూలుపోగు

మా మనవరాలు కొత్త నేతచీర మడత విప్పినప్పుడు వచ్చే గంజి వాసన ముక్కుకు తగిలితే చాలు, నేను మళ్ళీ ఎనిమిదేళ్ళ పిల్లనై, బెజవాడకు పడవలో ఒక పూట ప్రయాణం దూరంలో, కాలువ గట్టునున్న మా ఊరి నేతవీధిలో నిలబడిపోతాను. యుద్ధం రోజులవి. పొద్దు పొడవకముందే వీధి పొడుగునా పడుగు, అంటే మగ్గానికెక్కించే నిలువుపోగులు, పరిచి గంజి పట్టించేవాళ్ళు. దాని పక్కన నడిచేటప్పుడు పిల్లలం పరుగెత్తకూడదు, నెట్టుకోకూడదు. ఒక్క పోగు తెగిందా, మా నాయనమ్మ కేకకు కాలువ అవతలి కొంగలు లేచిపోయేవి.

వీధిలో అంత బుద్ధిమంతులం బడిలో మాత్రం అచ్చం కోతులమే. మట్టిగోడలు, తాటాకు కప్పు, ఒకే ఒక్క ఇరుకు గుమ్మం ఉన్న ఆ పాకలో, ఇంట్లో మగ్గాల చప్పుడు మీద అరిచి మాట్లాడటం అలవాటైన మా మధ్యకు, ట్రెయినింగు ముగించుకుని పటమట నుంచి రహీం మాష్టారు వచ్చారు. ఇరవై ఏళ్ళుంటాయేమో, సన్నటి గొంతు. "కాస్త నెమ్మదండీ" అని మమ్మల్నే అండీ పెట్టి బతిమాలితే వారం రోజులు నవ్వుకున్నాం.

ఒకరోజు కప్పులోంచి జెర్రిపోతు చాప మీద పడింది. పాపం, అది ఎలుక కోసం వచ్చింది. మేమంతా ఒక్కసారే గుమ్మం మీద పడ్డాం. మాష్టారు అరుస్తున్నా ఎవరికీ వినపడలేదు. ఆ తొక్కిసలాటలో నా ఎడమ మణికట్టు విరిగింది. పాము మాత్రం తీరిగ్గా కిటికీలోంచి వెళ్ళిపోయిందట.

నాయనమ్మ బడికొచ్చింది. "ఏవండీ మాష్టారూ, పిల్లల్ని చదువుకి పంపామా, కుస్తీకి పంపామా? ఇంకొక్కరికి దెబ్బ తగిలిందంటే మిమ్మల్ని బెజవాడ పడవెక్కించేస్తాం!"

"తప్పు నాదేనమ్మా," అన్నారాయన తల వంచుకుని.

మర్నాడు పొద్దున్నే మా వీధికొచ్చి, పడుగు పక్కన మేము ఒద్దికగా నడవడం చూసి అలాగే నిలబడిపోయారు. తర్వాత నాయనమ్మను పనికిరాని పోగులు కాస్త ఇమ్మని అడిగారు. నూలు దొరక్క మగ్గాలు పడుకుంటే ఆటలకి పోగులా అని సణుగుతూనే ఇచ్చింది. ఇక రోజూ బడి వదిలేముందు, వాటిని ముడివేసి చేసిన ఒకే పోగును రెండు వేళ్ళతో పట్టుకుని అందరం వరసగా గుమ్మం దాటి బయటి చింతచెట్టు దాకా నడవాలి. తెగితే మళ్ళీ మొదటి నుంచి. పంతులు పిల్లలకు నడక నేర్పుతున్నాడని ఊరంతా ఒకటే నవ్వు.

కార్తీకంలో మూడు రోజులు విడవకుండా ముసురు పట్టింది. మూడో రోజు మధ్యాహ్నం, ఎక్కాలు చెబుతుంటే, కాలువవైపు గోడ ఉబ్బి మట్టి పెళ్ళలు రాలాయి. పైన దూలం కిర్రుమంది. మాష్టారు అరవలేదు. కొయ్యకు తగిలించిన పోగు తీసి ఒక కొస నా చేతికిచ్చారు.

"పడుగమ్మా ఇది. తెగనివ్వకండి."

ఊపిరి బిగబట్టి నడిచాం. ఒక్కరూ నెట్టలేదు, ఒక్కరి భుజమూ గుమ్మానికి తగల్లేదు. చివరి కొస పట్టుకుని మాష్టారు చింతచెట్టు చేరాక ఆ గోడ కూలింది, దాని మీద కప్పూ పడింది.

నాయనమ్మ వానలో పరుగెత్తుకొచ్చి అందరి తలలూ తడిమింది. అప్పటిదాకా మా అరుగు దాటి లోపలికి రాని మాష్టారికి ఆ పూట వంటింట్లోనే ఆకు వేసి, వేడి అన్నంలో ఉలవచారు పోసి, "తినండి బాబూ" అంటూ కళ్ళు తుడుచుకుంది. ఆయన్ని పడవెక్కించే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. నాకెంత సంతోషమయిందో!

ఇప్పుడక్కడ రెండువైపులా మెట్లున్న సిమెంటు బడి ఉంది. వీధిలో ఒక్క మగ్గమూ ఆడదు, కాలువలో పడవలూ లేవు. మాష్టారు పోయి చాలా ఏళ్ళయింది. ఆ రోజు బయటికొచ్చిన ఇరవై ఎనిమిది మందిలో ముగ్గురమే మిగిలాం. తక్కినవాళ్ళంతా మనవలను ఎత్తుకుని, ముసలివాళ్ళయి, వాళ్ళ వాళ్ళ మంచాల మీద కన్నుమూశారు.