ఆబిడ్స్‌లో తుప్పుకు మందు

తుప్పు గురించి నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. తెనాలిలో ఇరవయ్యెనిమిదేళ్లుగా తొమ్మిదో తరగతికి మూడు పరీక్షనాళికల్లో మూడు ఇనుప మేకులు వేసి చూపిస్తున్నవాణ్ణి. అలాంటిది నా రక్తనాళాలే తుప్పు పడుతున్నాయని, చైనావాళ్ల వేర్లూ పువ్వులూ కాచి తాగితే ఆ తుప్పు ఆగి రక్తపుపోటు దిగుతుందని, ఆ మందిచ్చే హకీము ఒకడు హైదరాబాదులో ఉన్నాడని ఒక పత్రికలో చదివాను. మామూలప్పుడైతే నవ్వుకునేవాణ్ణి. కాని ఉద్యోగం రెండేళ్లు పొడిగించాలంటే పదిహేను రోజుల్లో డాక్టరు పరీక్ష నెగ్గాలి. పెద్దాడి ఇంజనీరింగు ఇంకా రెండేళ్లుంది. డాక్టరుగారి మాత్ర వేసుకుంటున్నా పోటు నూట ఎనభై మీద కూర్చుంది. నేను రైల్లో కూర్చున్నాను.

పొద్దున ఏడుంబావు బండి. మా ఆవిడ సంచిలో రెండు పంచెలూ, మామిడికాయ ఊరగాయ జాడీ పెట్టింది. జాడీ లేకుండా మేం గుంటూరు కూడా వెళ్లం.

కాజీపేటలో ఎక్కిన నర్సింగరావుగారికి ఉస్మాన్‌గంజ్‌లో పప్పుల వ్యాపారం. నా సంగతి విని ముచ్చటపడ్డాడు.

“చీనా హకీమా? ఔ, ఆబిడ్స్ ఎనక గల్లీల ఉంటడు. చీనాతోని లడాయి అయినంక బోర్డు మీద ఆ మాట గీకేసిండు. దవా మాత్రం గదే.”

“నాకు చైనా భాష రాదండీ.”

“ఆయనకు సుత రాదు సార్! గీడనే పుట్టిండు.”

సాయంత్రం ఆరింటికి నాంపల్లిలో దిగాను. స్టేషనుకెదురుగా లాడ్జి. గది మూడు రూపాయలు, నల్లులు ఉచితం. మర్నాడు తొమ్మిదింటికి మొజంజాహీ మార్కెట్ మీదుగా నడిచి వెళ్లాను. నడిస్తే పోటు తగ్గుతుందని చెప్పుకున్నాను గాని, అసలు తగ్గింది అర్ధరూపాయి రిక్షా.

హకీము తెల్లజుట్టు మనిషి. డాక్టరు పరీక్ష సంగతి విని బల్ల చూపించాడు. “జర కూసోండ్రి సార్. ఉరికొచ్చినోని నాడి అబద్ధం చెప్తది.” అరగంట కూర్చోబెట్టి, రెండు మణికట్ల మీదా మూడేసి వేళ్లతో నాడి చూశాడు. ఆ తర్వాత బీపీ మిషనూ పెట్టాడు. రెండింటిలో దేన్నీ పూర్తిగా నమ్మడన్నమాట. నాకు నచ్చాడు.

ఎర్ర వేర్ల ముక్కలు, పుల్లటి ఎండు కాయలు, చామంతి రేకులు తూచి పొట్లం కట్టాడు. మా పెరట్లో దేవుడికి ఊరికే దొరికే చామంతి కోసం ఇంత దూరం వచ్చానా అనిపించింది.

“దీంతో తుప్పు పోతుందా?”

“తుప్పు సంగతి పేపరోళ్లకు తెలుస్తది. మా తాతైతే గరం దిగుతది అనెటోడు. మూడు దినాలు పొద్దుమాపు కాచి తాగి రాండ్రి.”

లాడ్జి వంటవాడు కాచి ఇచ్చేవాడు. ఆ చేదు చెప్పనలవి కాదు. కషాయం దిగగానే మా ఇళ్లలో అలవాటు ప్రకారం నాలుక మీద ఒక ఊరగాయ ముక్క. రెండు మందులూ కడుపులో కొట్లాడుకుంటాయని డాక్టరుగారి మాత్రకు సెలవిచ్చాను. నాలుగో రోజు పొద్దున సంచీతో సహా హకీము దగ్గరికి వెళ్లేసరికి జాడీ సగమైంది. పోటు నూట తొంభై అయింది.

“దవా తాగినంక ఏం తిన్నరు సార్?”

“ఏమీ లేదండీ.”

“ఏమీ లేదంటే?”

“చేదు పోవాలి కదా... చిన్న ముక్క.”

జాడీ తీసి బల్లమీద పెట్టాను. మూత తీసి, కళ్లు మూసుకుని వాసన పీల్చాడు. “మస్తుంది. నాకు సుత బీపీ ఉన్నది. ఇరవై ఏండ్లాయె, గిట్ల వాసన జూసుకుంటనే బతుకుతున్న. మరి డాక్టర్ గోలీ?”

“మానేశాను.”

బల్ల మీద అరచేత్తో కొట్టాడు. “నేను బంద్ చెయ్యమన్ననా? సదువుకున్నోళ్లతోని గిదే లొల్లి! గోలీ యాల్లకు ఏస్కోండ్రి, ఉప్పు బంద్ చెయ్యుండ్రి. నా దవా ఇంక ఇయ్య. పరీక్ష అయినంక వచ్చి గిది తీస్కపోండ్రి.” జాడీని పై అరలో వేర్ల సీసాల మధ్య పెట్టేశాడు.

తిరుగు బండిలో ఎదురు సీటావిడ పెరుగన్నం పెట్టి, “నిమ్మకాయ నంజుకోండి అన్నయ్యగారూ” అంది. వద్దమ్మా అని మాత్ర మింగాను. చప్పటి ముద్ద నోట్లో పెట్టుకున్నాక మేకులు గుర్తొచ్చాయి. ఒక నాళికలో పొడిగాలి, ఒకదాంట్లో మంచినీళ్లు, మూడోదాంట్లో ఉప్పునీళ్లు. ముందు తుప్పుపట్టేది ఏదని ఏటా పరీక్షలో అడిగేవాణ్ణి. తప్పు రాస్తే రెండు మార్కులూ కోసేవాణ్ణి.

డాక్టరు సంతకం పెట్టాడు, అంచు మీద నిలబడ్డ అంకె చూసి పెదవి విరుస్తూనే. బడికి వెళ్తున్నాను. జాడీ ఆబిడ్స్‌లోనే ఉంది. అటు వెళ్లేవారెవరైనా ఒకసారి వాసన చూసి రండి.