శిరా మసీదులో నడిమి రాయి

ఆ రోజుల్లో నాకు పుస్తకంలో చదివినదంతా కళ్ళతో చూసినదానితో సమానం. కన్నడ సీమ అంచున ఉన్న మా తెలుగు ఊరు రాయచెర్లులో సోలార్ పార్కు కొత్తగా వచ్చింది, అందులో నాకు ఆఫీసు పని దొరికింది. చేతిలో ఎప్పుడూ పుస్తకం ఉండేది కాబట్టి అందరూ నన్ను పండితుడనేవారు. (వెక్కిరింపని చాలా ఆలస్యంగా తెలిసింది.) మా మేనమామ రాళ్ళు పేర్చి బావులు, ఇళ్ళు కట్టిన మనిషి. చేను ప్యానెళ్ళ కిందికి పోయాక ఊరికే కూర్చోలేకపోయేవాడు. శిరాలో మొగలుల నాటి రాతి మసీదు ఉందని, దాని కమానుల్లో రాళ్ళు స్తంభాల మధ్య వంపుగా గాల్లో నిలిచి ఉంటాయని నేనే చెప్పాను. అప్పటినుంచి ఆయనకు ఒకటే కోరిక. "రాయి గాల్లో ఎట్ల నిలిచిందప్పా? సూడాల" అనేవాడు.

ఒక ఆదివారం బస్సెక్కాం. దారంతా గుమ్మటాల మీద ఉపన్యాసమిచ్చాను. మసీదు ఆవరణలో నీళ్ళ తొట్టి కనబడగానే, "కాళ్ళు కడుక్కోని పోవాల మామా, పుస్తకంలో ఉండాది" అని, గుడి కోనేట్లో దిగే అలవాటు కొద్దీ రెండు కాళ్ళూ అందులో పెట్టేశాను. నీళ్ళు ముంచుకుని బయట కడుక్కోవాలట. అక్కడి పెద్దాయన దగ్గరికొచ్చి, నమాజుకు ముందు అందరూ నోరు పుక్కిలించేది ఆ నీళ్ళతోనేనని కన్నడంలో మెల్లగా చెప్పాడు. తిట్టి ఉంటే బాగుండేది.

నేను నోరు తెరిచేలోపే మామ ముందుకొచ్చాడు. "నేనే పెట్టమన్న్యా సామీ. మావోడు సదువుకున్నోడు, వానికి అన్నీ తెలుసు. నా మాట ఇని పెట్టినాడు." నేను కాదనలేదు.

పెద్దాయన వద్దంటున్నా మామ పంచె ఎగ్గట్టి, బకెట్టుతో తొట్టి తోడడం మొదలుపెట్టాడు. "నువ్ పోయి సూసి రా పో. కమాను కొసన నడిమి రాయి ఎట్ల కూసోబెట్టినారో సూడు" అన్నాడు. వెళ్ళాను. స్తంభం చాటున నిలబడి నా తడి పాదాలనే చూసుకున్నాను. మామ తొట్టి ఖాళీ చేసి కొత్త నీళ్ళు నింపేసరికి నమాజు వేళయింది. అయ్యాక నిదానంగా చూసి వెళ్ళమన్నాడు పెద్దాయన. "బస్సు పోతాది, పోదాం పా మామా" అన్నాను నేను. (బస్సులు గంటకొకటి ఉన్నాయి.)

బస్సులో అడిగాడు. "నడిమి రాయి ఎట్లుండాదప్పా?"

"ఒకటే రాయి మామా. గుండ్రంగా, గుమ్మడికాయంత ఉండాది."

ఆయన ఒక్క క్షణం నన్ను చూసి తలూపాడు. తర్వాత బతికినన్నాళ్ళూ ఆ గుమ్మడికాయను చేతులతో చూపిస్తూ ఊరందరికీ చెప్పాడు. చివర "మావోడు సూసినాడు" అని చేర్చేవాడు.

ఆయన పోయాక ఒక్కడినే శిరా వెళ్ళి, ఈసారి తలెత్తి చూశాను. నడిమి రాయి లేనే లేదు. రెండు వైపుల రాళ్ళూ వంగుతూ వచ్చి, కొసన ఒకదానికొకటి ఆనుకుని నిలబడ్డాయి. మెడ నొప్పి పుట్టేదాకా చూశాను. తిరిగొచ్చి అత్త దగ్గర ఒప్పుకున్నాను, ఆ రోజు నేను ఏమీ చూడలేదని.

"తెలుసులేప్పా," అంది అత్త. "ఆ పొద్దే వచ్చి చెప్పినాడు. కమానులో గుండ్రాయి పెడితే జారి నెత్తిన పడదా, మావోడు సిగ్గుపడి తలెత్తినట్టు లేడు, యాడా అనొద్దు అన్న్యాడు."

అత్త నవ్వింది. నేనూ నవ్వాను, తల దించుకునే.