తువ్వాల కింది ఆఖరు మాట

నేను చెబుతున్నాను, మా బిడ్డ రాస్తోంది. నాకు సంతకం వరకే వచ్చు. మధ్యలో నవ్వితే చెప్పడం ఆపేస్తానని దానికి ముందే అన్నాను.

మా ఆయన చనిపోయిన ఏడాది ఎండాకాలంలో మా మరిది మా జోడెడ్లను మహారాష్ట్ర దిక్కు కోర్పనా ఎడ్ల బజారుకు తోలాడు. "ఆడదానివి, సాళ్లు ఎట్ల తీస్తవ్ వదినా? ఎడ్లు అమ్ము, చేను నాకు కౌలుకియ్యి, కూసొని తిను" అన్నాడు. ఊళ్లో పదిమందీ అదే అన్నారు. ఏడ్చి ఏడ్చి ఉన్నాను, సరే అన్నాను. కానీ ఎడ్ల వెంట నేనూ, బిడ్డా నడిచాం. ఎడ్లు పోతే చేను పోతుంది. చేను పోతే మరిది ఇంట్లో అంట్లు తోముతూ బతకాలి. దారి పొడవునా అదే ఆలోచన.

మా దిక్కు ఎడ్ల బేరం నోటితో జరగదు. కొనేవాడూ అమ్మేవాడూ చేతులు కలిపి పైన తువ్వాల కప్పుతారు. లోపల వేళ్లు పట్టి ధర చెప్పుకుంటారు. చుట్టూ ఉన్నవాళ్లకు మొహాలే కనిపిస్తాయి. ఆడదాని చెయ్యి ఆ తువ్వాల కిందికి పోదు. ఎడ్లు నావి, ధర మాత్రం మరిది వేళ్లకే తెలుసు.

కొనడానికి వచ్చినవాడు చదువుకున్న బేరగాడు. మరిది తల అడ్డంగా ఊపేసరికి చెయ్యి బయటికి లాగి, "టేక్ ఇట్ ఆర్ లీవ్ ఇట్" అన్నాడు. మరిది మొహం మాడిపోయింది.

"ఇగ గంతే వదినా. ఆఖరు మాట. ఇచ్చేద్దాం."

"ఏమన్నడే?" అని బిడ్డను అడిగాను.

"తీస్కుంటే తీస్కో, లేకుంటే ఇడిసిపెట్టు అన్నడమ్మా."

"ఇడిసిపెట్టు అని గూడ అన్నడా?"

"అన్నడు."

"మరి మీ కాక సగమే ఇన్నడు" అన్నాను మరిదిని చూస్తూ.

నా పెళ్లైన కాడి నుంచి ఉంటే ఉండు, పోతే పో అన్నవాళ్లే అందరూ. ఉండిపోయాను ప్రతిసారీ. ఆ మాట అనేవాడి ధైర్యమంతా ఒక్కటే, రెండో సగాన్ని మనం ఎప్పుడూ వాడుకోం అని.

బేరగాణ్ని మరాఠీ వరసలో పిలిచి, "భావూ, ధర నోటితోని చెప్పు" అన్నాను.

వాడు నన్ను పిన్నిని చేసి నవ్వాడు. "మావ్‌శీ, గిది ఆడోళ్ల పని కాదు."

"ఎడ్లు నావి. చెప్పకుంటే నీ తువ్వాల నువ్వే కప్పుకో."

చుట్టూ నవ్వారు. వాడు గొణుగుతూ చెప్పాడు. ముసలి గొడ్డుకిచ్చే ధర. నేను నా ధర బజారంతా వినేట్టు చెప్పాను. "ఇది నా ఆఖరు మాట. టేక్ ఇట్ ఆర్ లీవ్ ఇట్." నాలుక మెలిపడింది గానీ మాట వచ్చింది.

వాడు తువ్వాల దులిపి వెళ్లిపోయాడు. మరిది తల పట్టుకున్నాడు. "ఏం పని చేసినవ్ వదినా? నోటితోని ధర చెప్పిన ఎడ్లను ఈ బజార్ల ఇంకెవడు ముట్టడు."

ఆ సంగతి నాకు తెలుసు. ఎడ్లు ఇంటికి తిరిగి రావాలనే, తెలిసే చెప్పాను.

ఆ వానలకు నేనే ఎడ్లను పట్టి సాళ్లు తీశాను. మరిది గట్టు మీద నిలబడి చూశాడు.

"సాలు పాము లెక్క పోతున్నది వదినా."

"పోనియ్యి. పత్తికి తెల్వదు."

కౌలు మాట అతను మళ్లీ ఎత్తలేదు. వంకర సాళ్లలోనే పత్తి మొలిచింది.